చివరి పేజీ చూసినావిడ

బుధవారం మధ్యాహ్నం బడిలో కథల గంట. ఫిలోమీన్ అమ్మమ్మ బానిక్ రొట్టెలు కాల్చి, గుడ్డలో చుట్టుకుని, గడ్డకట్టిన సరస్సు ఒడ్డునే నడుచుకుంటూ వచ్చేది. డార్లా టీచరు బొమ్మల పుస్తకం తెరిచేది. తెరవగానే అందులోని పిల్లలు దిగి వచ్చేవాళ్ళు. బడి పిల్లలు చాప మీద కాస్త జరిగి చోటిచ్చేవాళ్ళు. వాళ్ళకీ సరిపోవాలని ఫిలోమీన్ రొట్టెలు ఎక్కువే చేసేది.

ఆ పుస్తకాలన్నీ పాత హాస్టలు బడుల గురించినవి. క్రీ అనే ఆదివాసీ తెగ పిల్లల్ని సర్కారువాళ్ళు ఇళ్ళనుంచి పట్టుకుపోయి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే సబ్బుతో నోరు కడిగిన బడులు. ఫిలోమీన్‌నీ ఆరేళ్ళప్పుడు అలాగే తీసుకుపోయారు. తిరిగొచ్చాక ఆమె నోట క్రీ మాట ఎవరూ వినలేదు. మాట గొంతుదాకా వచ్చేది, సబ్బు రుచి తగిలేది, వెనక్కి పోయేది. పెళ్ళీ పిల్లలూ అన్నీ ఇంగ్లీషులోనే గడిచిపోయాయి.

పోయిన ఏడు అక్క క్లెమెన్స్‌కి పక్షవాతం వచ్చింది. అది అక్క ఇంగ్లీషంతా ఊడ్చుకుపోయి క్రీ ఒక్కటే మిగిల్చింది. ఆస్పత్రిలో ఆ భాష ఎవరికీ రాదు. ఫిలోమీన్ అక్క చెయ్యి పట్టుకుని కూర్చునేదే గాని, బదులు పలికేది కాదు. చివరికి అక్క చెప్పడమే మానేసి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ బుధవారం కొత్త పుస్తకంలోంచి వాపన్ అనే రెండు జడల పిల్ల దిగింది. పేజీ తిప్పబోతూ డార్లా ఆగిపోయింది. తర్వాతి బొమ్మలో కుర్చీ ఉంది, కత్తెర ఉంది. పిల్ల వెనక్కి వెళ్ళనని ఫిలోమీన్ కాళ్ళు చుట్టేసింది. ఆ పిల్ల లేనిదే కథ కదలదు, కథ కదలనిదే పిల్ల తన ఇంటికి చేరదు. ఆ పిల్లకి క్రీ తప్ప మరో భాష రాదు. డార్లాకి వచ్చిన క్రీ అంతా అంకెలూ జంతువుల పేర్లే. పాపం, వాటితోనే బతిమాలింది.

ఫిలోమీన్ గొంతులో సబ్బు రుచి తగిలింది. ఈసారి దాన్ని మింగేసింది.

"ఆస్తమ్," అంది, ఇలా రమ్మని. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ భాషలోనే మెల్లగా చెప్పింది.

"జుట్టు కోస్తారు తల్లీ. అబద్ధం చెప్పను. ఏడుపూ వస్తుంది. కానీ చివరి పేజీ నేను చూశాను. మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నీ జడలు మళ్ళీ ఇంత పొడుగున్నాయి."

"నిజంగా చూశావా?"

"అది చూడందే నేను ఏ కథా విననుగా."

పిల్ల ఒళ్ళోంచి దిగింది. మిగిలిన రొట్టె జేబులో పెట్టుకుని పేజీలోకి నడిచి వెళ్ళిపోయింది. డార్లా చదవడం మొదలుపెట్టింది.

కథ అయ్యాక ఫిలోమీన్ ఇంటికి పోలేదు. ఆస్పత్రికి వెళ్ళే వ్యాను ఎక్కింది. అక్క గోడవైపే తిరిగి ఉంది.

"అక్కా, నేను. ఫిలోమీన్‌ని," అంది క్రీలో.

క్లెమెన్స్ ఇటు తిరిగింది. చెల్లెలి మొహంలోకి చూసింది.

"ఇదేంటే, ఆరేళ్ళ పిల్లలా మాట్లాడుతున్నావు?"

"అక్కడే ఆగిపోయాను మరి. నువ్వు నేర్పు."

అక్క నోరు ఓ పక్కకి వంకర పోయింది. అది నవ్వేనని ఫిలోమీన్‌కి తెలుసు.

"నేర్పుతాలే. ముందు వెళ్ళి నా టీలో చక్కెర వెయ్యొద్దని వాళ్ళతో చెప్పు. చలికాలమంతా ఆ పానకమే తాగించారు."

ఫిలోమీన్ కప్పు తీసుకుని నర్సు దగ్గరికి వెళ్ళింది.