బైబిల్లో లేని చెట్టు

చెట్టును తీసేయమని శ్రీనివాస రావు చెప్పేసరికి కార్యక్రమానికి ఒక్క పూటే గడువుంది. సమీరకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఖమ్మం నుంచి ఉద్యోగానికి కలకత్తా వచ్చిన సమీర ఆదివారాలు రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లోని తెలుగు చర్చికి వెళ్తుంది. చదువుకున్న పిల్ల కదా అని పిల్లల క్రిస్మస్ కార్యక్రమాన్ని ఆమె నెత్తిన పెట్టారు. ఏ దేశంలో పండుగ ఎలా చేస్తారో చూపించే చిన్న నాటిక తయారుచేసింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు తెలుగు చదవడం రాదు. మాటలన్నీ బెంగాలీ అక్షరాల్లో రాయించి బట్టీ పట్టించింది. ఆఫీసు నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చి గొంతు పోయేలా అరిచింది. తీరా అంతా కుదిరాక సంఘపెద్ద శ్రీనివాస రావు ఫోనుకి, క్రిస్మస్ చెట్టు బైబిల్లో లేదంటూ ఎవరో వీడియో పంపారు.

"ఏటమ్మా ఇది? ఈ సెట్టు బైబిల్లో ఎక్కడుందేటి?"

"లేదండీ. జర్మనీలో మొదలైంది. అక్కడి నుంచి అన్ని దేశాలకూ..."

"అద్గదీ! నువ్వే ఒప్పుకుంటన్నావు. తీసెయ్."

చెట్టంటే నిజం చెట్టు కాదు, ధాత్రి అనే పాప. ఆకుపచ్చ గుడ్డ చుట్టుకుని, ఒంటినిండా మెరుపు కాగితాలతో పొద్దున్నుంచీ కూర్చోకుండా నిలబడి ఉంది.

"మరి నేనేం అవ్వాలి దాదూ?" అంది, తాతను బెంగాలీలో పిలిచినట్టు.

"దేవదూతవైపోమ్మా."

"ఆకుపచ్చ దేవదూతనా?"

ఆయన వినిపించుకోలేదు. తర్వాత ఆయన చూపు శాంటా వేషం వేసిన కుర్రాడి గడ్డం మీద పడింది. ఇప్పటి టర్కీ ఉన్న చోట పూర్వం నికొలస్ అనే బిషప్ ఉండేవాడని, ఆయన పేరుతోనే ఈ తాత పుట్టాడని సమీర ఓపిగ్గా చెప్పింది. గడ్డం కూడా పోయింది. తను ఎంత వివరంగా చెబితే అంత త్వరగా నాటిక కరిగిపోతోందని ఆమెకు అప్పటికి అర్థమైంది. అయినా ఒళ్లు మండి నోరు ఆగలేదు.

"అసలు ఇరవై అయిదో తారీఖే బైబిల్లో లేదండీ. నాలుగో శతాబ్దంలో రోమువాళ్లు ఆ రోజున చెయ్యడం మొదలుపెట్టారు. పండుగనే తీసేద్దామా?"

ఆయన బుర్ర గోక్కున్నారు. "వీడియోలో వాడూ అదే సెప్పాడు. కానీ కేకుకి ఆర్డరిచ్చేశాం కదమ్మా."

సమీరకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గడ్డి పరిచిన పశువుల పాక వైపు ఆయన తిరిగారు. అలా పాక కట్టడం ఇటలీలో ఒక సన్యాసి మొదలుపెట్టిన ఆనవాయితీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేసింది.

ఇంతలో ధాత్రి ఏడుపు లంకించుకుంది. అది చూసి శాంటా, వాణ్ణి చూసి మిగతావాళ్లు.

"మీరే సముదాయించండి. నా వల్ల కాదు," అని సమీర చతికిలబడింది.

రేవులో పెద్ద పెద్ద క్రేనులు నడిపిన మనిషి, ఏడుస్తున్న పిల్లల మధ్య దిక్కు తోచక నిలబడ్డారు. ముక్కు తుడుచుకుంటూ ధాత్రి అడిగింది, "చిన్నప్పుడు నువ్వేం చేసేవాడివి దాదూ?"

"మా నాన్న ఎదురు బద్దలతో పెద్ద సుక్క కట్టేవోడు. రంగు కాగితం అంటించి, లోపల దీపం పెట్టేవోడు. దాన్ని పట్టుకుని క్వార్టర్లన్నీ తిరిగి పాడేవోళ్లం. అందరిళ్లలో అరిసెలు పెట్టేవోరు."

"అరిసెలు బైబిల్లో ఉన్నాయా అండీ?" అంది సమీర.

"అది వేరమ్మా."

"ఎలా వేరండీ?"

"అది మా నాన్న సేసింది."

"ఆ చెట్టు కూడా ఏ జర్మనీ నాన్నో పిల్లల కోసమే పెట్టి ఉంటాడు కదండీ."

ఆయన ధాత్రి దగ్గరికి వెళ్లారు. ధాత్రి గుడ్డ మీద ఊడిపోతున్న మెరుపు కాగితాన్ని వేలితో నొక్కి అతికించారు.

"సరే, అన్నీ ఉండనీ. కానీ ఇయ్యేవీ బైబిల్లో లేవని ముందు నేను మైకులో సెప్తాను."

"చెప్పండి, రెండు ముక్కల్లో," అంది సమీర.

సాయంత్రం ఆయన మైకు పట్టుకుని అరగంట వదల్లేదు. చెట్టు అలిసిపోయి స్టేజీ మీదే కూలబడింది. శాంటా గడ్డం చెమటకు జారి మెడలోకి వచ్చింది. తెర పక్కన నిలబడి సమీర గోళ్లన్నీ కొరికేసుకుంది. చివరికి నాటిక మొదలైతే, మొదటి వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.