తెరవవ

రంగుల ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగే మావయ్య ఒకరోజు మేనకోడలి దగ్గర పంతం పట్టాడు.

"ఆ బోర్డు మీద ఇంగ్లీషు మాకెక్కడ అర్థమవుద్దే? ఫోర్‌మన్ని అడిగితే విసుక్కుంటాడు. తెలుగులో పెట్టు తల్లీ, మేమే చదువుకుంటాం."

ఆ బోర్డును నడిపే ప్రోగ్రాము ఆమె పనిచేసే చిన్న కంపెనీదే. ట్యాంకులో ఆవిరి ఉంటే మూత తెరవవద్దనీ, చల్లారాక తెరవవచ్చనీ బోర్డు చెబుతుంది. తన మేనేజరును ఒప్పించి ఆమె ఆ మాటల్ని తెలుగులోకి మార్చింది. సి భాషలో రాసిన పాత ప్రోగ్రాము ఒక్కో వాక్యానికి అరవై నాలుగు బైట్ల చోటు ఇచ్చింది. 'రెండో ట్యాంకు మూత తెరవవద్దు' అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పదకొండు అక్షరాలు. చోటు బోలెడు మిగులుతుందనుకుంది. 'మూత మూయండి' అని పంపి చూస్తే బోర్డు మీద ముత్యాల్లా వచ్చింది.

బోర్డు మారిన రోజు మావయ్య షిఫ్టు షిఫ్టంతటికీ చెప్పుకున్నాడు, మా పిల్ల రాసిందని. మధ్యాహ్నం, చదువు రాని బక్కోడు రెండో ట్యాంకు నిచ్చెన మీద నుంచి కేకేశాడు.

"ఏమంటోందిరా మీ మేనకోడలు?"

మావయ్య తలెత్తి కూడబలుక్కున్నాడు. "రెండో ట్యాంకు మూత తెరవవ... తెరవవచ్చంట. కానీయ్."

బక్కోడు మూత ఎత్తాడు. ఆవిరి ముఖాన్నీ గుండెల్నీ కాల్చేసింది. ఆసుపత్రిలో ఒక రాత్రి మూలిగి, తెల్లారేసరికి పోయాడు.

కబురు తెలిసి ఆమె పరుగున వెళ్లేసరికి మావయ్య ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"'వద్దు' అని ఉందంట కదే ఆఫీసు కాయితాల్లో. నాకు కనపడలేదే. నా కళ్లకేమైంది?"

ఆమె నేరుగా ఆఫీసుకు వెళ్లి ఆ వాక్యం పొడవెంతో ప్రోగ్రాము చేతే కొలిపించింది. డెబ్బై అయిదు బైట్లు. మనిషి ఒక్క అక్షరమనుకునే 'ద్దు' ఆ లెక్కలో నాలుగు గుర్తులు, గుర్తుకు మూడు చొప్పున పన్నెండు బైట్లు. వాక్యం ముగిసిందని చెప్పే చివరి సున్నాకు ఒకటి పోగా మిగిలిన అరవై మూడూ సరిగ్గా 'వ' దగ్గర నిండిపోయాయి. గుర్తు మధ్యలో తెగి ఉంటే పిచ్చి గీత ఏదో కనబడేది, చూసినవాడికి అనుమానం వచ్చేది. ఇది కత్తితో కోసినట్టు శుభ్రంగా తెగింది.

మేనేజరు విని తలుపు మూశాడు. "చదువు సరిగ్గా రానివాడు తప్పు చదివాడు. రిపోర్టు అలాగే వెళ్తుంది. నువ్వు ఆ సైజు పెంచేసి ఊరుకో."

"చదివింది మా మావయ్య సార్."

"మరీ మంచిది. ఇంట్లోనే సర్దుకోండి."

ఆమె సర్దుకోలేదు. విచారణకు వచ్చిన అధికారి ముందు బోర్డు పెట్టి, తెగిన మాట చూపించి, రాసింది నేనేనని చెప్పింది. తిలాపాపం తలా పిడికెడు అని పంచుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. పాత ప్రోగ్రాము ఎవరిదని గానీ, పరీక్షించకుండా ఎవరు బిగించారని గానీ ఎవరూ అడగలేదు. ఆమె ఉద్యోగం పోయింది. మావయ్య మీద తప్పు లేదని కాగితం వచ్చింది.

ఆ సంగతి చెప్పడానికి వెళ్తే అత్త మంచినీళ్లిచ్చి పక్కకు తప్పుకుంది. మావయ్య అంతా విన్నాడు.

"అయితే 'వద్దు' అని లేదన్నమాట."

"లేదు మావయ్యా. తెగిపోయింది. తప్పు నాది."

"'వచ్చు' అని ఉందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"అదీ లేదు కదా. మరి అది నేనే కలిపాను తల్లీ. వాడు నా నోటి మాట నమ్మే ఎత్తాడు."

మావయ్య మళ్లీ ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. తలుపులకు రంగులేసే పనికి కుదిరాడు. గోడ మీద గానీ, బస్సు మీద గానీ, తన దగ్గుమందు సీసా మీద గానీ అక్షరాలు కనబడితే ముఖం తిప్పుకునేవాడు. సీసా అత్త చేతికిచ్చి, "నువ్వు చదువు, రెండుసార్లు చదువు" అనేవాడు.