బువ్వమ్మకు రోత పుట్టిన రోజు

ఏడుస్తున్న పిల్లను ఎడమ చంకలో ఇరికించుకుని, కుడిచేత్తో మరో పిల్లవాడి ముడ్డి కడుగుతూ, కాలి బొటనవేలితో బకెట్టును కుళాయి కిందికి జరిపింది బువ్వమ్మ. కుళాయి రెండుసార్లు గురక పెట్టి, ఇంత తుప్పునీరు కక్కి ఊరుకుంది. బకెట్టు అడుగున మిగిలిన చెంబెడు నీళ్లతోనే ఆ పని ముగించి, కొంగుతో వాడిని తుడిచి, "పో, లోపల కూర్చో" అని వీపు మీద మెల్లగా చరిచింది. వాడు గుమ్మం దాటకముందే ఇంకొకడు నిక్కరు జార్చుకుంటూ ఎదురొచ్చాడు.

"మీరంతా కలిసి మాట్లాడుకుని వస్తారేంట్రా?" అంది.

కూరగాయల టోకు మార్కెట్టుకు వెనకవైపు, ఉల్లిపాయల షెడ్డుకీ మరుగుదొడ్లకీ మధ్య ఉంది ఆ గది. ఒకప్పుడు పాడైపోయిన కాటాలు పడేసేవారు. ఇప్పుడు మార్కెట్టులో బస్తాలు కుట్టే, గంపలు మోసే, కుళ్లు ఏరే ఆడవాళ్ల పిల్లల్ని అక్కడ ఉంచుతారు. కిటికీ తెరిస్తే కుళ్లిన టమాటాల గుట్ట. మూస్తే ఊపిరాడదు. తెరిచే ఉంచుతుంది బువ్వమ్మ. గుట్టలోంచి ఎర్రటి రసం కాలువ కట్టి, గోడ వారగా పారి, గుమ్మం ముందు మడుగై నిలుస్తుంది. రోజూ పొద్దున్నే చీపురు తిరగేసి దాన్ని అవతలికి నెడుతుంది. మధ్యాహ్నానికి అది మళ్లీ వచ్చి చేరుతుంది.

ఆమె అసలు పేరు మార్కెట్టులో ఎవరికీ తెలియదు. మాటలు రాని పిల్లలు కూడా ఆమెను చూడగానే "బువ్వ" అనేవారు. దానికి తల్లులు అమ్మను తగిలించారు. పొట్టి మనిషి. చేతివేళ్లు ఎప్పుడూ నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడి ఉండేవి. ఈ మధ్య బకెట్టు ఎత్తితే ఎడమ రెక్క లాగేస్తోంది. అప్పుడు గుమ్మం మీద కూర్చుని నోటితో గాలి పీల్చుకునేది. ఎవరైనా చూస్తే, "ముసలి ఎద్దుకి రొప్పు కాక ఏముంటుంది?" అనేది.

కొత్తగా పిల్లల్ని వదిలే తల్లులు మొహమాటపడుతూ అడిగేవారు, "ఇంతమందికి కడుగుతావు కదా, నీకు రోత పుట్టదా?"

"కడిగితే పోయేదానికి రోతేంటమ్మా!" అనేది.

ఆ పొద్దున మార్కెట్టు సూపర్‌వైజరు ఎన్నడూ లేనంత పెందలాడే దిగాడు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన మడుగు దాటేలోపే అత్తరు వాసన గదిలోకి వచ్చేసింది. తల్లులు ఆయనకు పెట్టుకున్న పేరు అత్తరు సారు.

"ఇవాళ పెద్దాఫీసు నుంచి మేడమ్ వస్తున్నారు. వీళ్ల ముక్కులూ అవీ తుడిచి, తలలు దువ్వి, వరసగా కూర్చోబెట్టు. ఎవడూ ఏడవకూడదు."

"కుళాయి రావట్లేదు సార్. మొన్నే చెప్పాను."

"మేడమ్ వెళ్లాక చూద్దాం."

"కడగాల్సింది మేడమ్ రాకముందు కదా సార్?"

ఆయన వినిపించుకోలేదు. మూలనున్న అద్దాల బీరువా దగ్గరికి వెళ్లి జేబులోంచి తాళంచెవి తీశాడు. బీరువా నిండా బొమ్మలే. చెక్క కుందేలు, రంగురంగుల చక్రాలు, ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెలు, గుడ్డ పుస్తకాలు. గదికి సున్నం వేసి రిబ్బను కత్తిరించిన రోజున తెచ్చి పెట్టారు. ఆ రోజు ఫోటోలు అయిపోగానే తాళం పడింది. మళ్లీ తియ్యలేదు. కొన్నింటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. పిల్లలు బీరువాకు ముక్కులు ఆనించి, నాలుకలతో అద్దం నాకుతూ చూసేవారు. కింది అద్దం నిండా ఎండిన చొంగ చారలు. ప్రతి సాయంత్రం తడిగుడ్డతో వాటిని తుడిచేది బువ్వమ్మ. ఆడుకోవడానికి ఇవ్వమని ఎన్నిసార్లు అడిగినా, "పాడు చేస్తారు" అనేవాడాయన.

తాళం చప్పుడు వినగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఒక్కడూ దగ్గరికి పోలేదు. కొత్తవాళ్లు అన్నం పెడుతుంటే కుక్కపిల్లలు చూసినట్టు దూరం నుంచే చూశారు. ఆ చూపు బువ్వమ్మకు నచ్చలేదు.

మేడమ్ వచ్చింది. వెంట కెమెరా అతను, పూలగుత్తి పట్టుకున్న మరొకతను. ఆవిడ మంచి గొంతుతో మాట్లాడింది. తొలి ఐదేళ్లలోనే మనిషి మెదడు ఎదుగుతుందని, ఆ వయసులో ఆటా పాటా కథా లేకపోతే తర్వాత ఎంత చదివించినా గండి పూడదని, పసిపిల్లలకు ఇవి అందడం వాళ్ల హక్కని చెప్పింది. బువ్వమ్మ చేతులు కట్టుకుని వింది. ప్రతి మాటా నిజమే. తన కూతుర్ని చూశాక ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"ఒక పాపని ఇలా ఇవ్వండి," అంది మేడమ్ కుర్చీలో సర్దుకుంటూ. "కాస్త శుభ్రంగా ఉన్నదాన్ని."

సూపర్‌వైజరు పిల్లల్ని వరసన తేరిపార చూశాడు, బేరానికి వచ్చినవాడు వంకాయలు ఏరినట్టు. చివరికి బుడ్డిని ఎత్తి ఇచ్చాడు. బుడ్డికి మూడేళ్లు నిండాయి గానీ మాట రాలేదు. ఇక్కడికి రాకముందు దాన్ని వాళ్లమ్మ ఇంట్లో మంచం కోడుకు చీరతో కట్టి, తలుపు గొళ్లెం పెట్టి పనికి పోయేది. బస్తాలు కుట్టే మనిషి. మరో దారి లేదు. బుడ్డి చేతిలో చెక్క కుందేలు పెట్టారు. కెమెరా మెరిసింది. కిందా మీదా వంగి ఇంకో నాలుగు తీశారు.

"అంతా బాగుందా ఆయమ్మా?" అంది మేడమ్, లేస్తూ.

"లేదమ్మా."

పూలగుత్తి అతను తల తిప్పి చూశాడు.

"చేతులు కడుగుదామంటే నీళ్లు లేవు. గింజల డబ్బాలో ఎలుకలు దొడ్డికి కూర్చుంటున్నాయి. రోజూ ఏరి ఏరి జావ కాస్తున్నాను. ఆ బొమ్మలు మీరు కారెక్కగానే లోపలికి పోతాయి. పిల్లలకి ఒక పాట నేర్పే మనిషి లేదు. నాకొచ్చినవి రెండే, అవీ సగం సగం."

మేడమ్ నవ్వి, "భలే మాట్లాడుతుందే!" అంది సూపర్‌వైజరుతో. బువ్వమ్మ భుజం తట్టింది. మడుగు మీద వేసిన చెక్క మీంచి జాగ్రత్తగా నడిచి కారు దగ్గరికి వెళ్లింది. కారెక్కేముందు సంచిలోంచి చిన్న సీసా తీసి, అరచేతిలో మందు పోసుకుని, బుడ్డిని పట్టుకున్న చేతుల్ని వేలు వేలునా రుద్దుకుంది. గుమ్మంలోంచి అదంతా చూసింది బువ్వమ్మ.

వెనక్కి తిరిగేసరికి సూపర్‌వైజరు బొమ్మలు లాక్కుంటున్నాడు. పిల్లలు ఇచ్చేస్తున్నారు. బుడ్డి ఇవ్వలేదు. ఆయన కుందేలు చెవులు పట్టుకుని లాగాడు. పిల్ల కుందేలు కాళ్లు పట్టుకుని లాగింది. ఆయన దాని వేళ్లు ఒక్కొక్కటే విప్పబోయాడు. బుడ్డి వంగి ఆయన మణికట్టు కసుక్కున కొరికింది.

"ఛీ! ఛీ! రోగాల పుట్టలు!" ఆయన చెయ్యి విదిలించుకుని రుమాలుతో తుడిచాడు. రుమాలును కిందపడేసి, కుందేలును బీరువాలోకి విసిరి, తాళం వేశాడు. "నీకు నోరెక్కువైంది. ఈ గదిలో సరుకు పెట్టుకుంటే మార్కెట్టుకి నాలుగు రాళ్లు వస్తాయని ఎప్పటినుంచో అంటున్నారు. నేనే దయతలచి ఆపుతున్నా. ఇక ఆపను. పిల్లల్ని చూసుకోవడం తల్లుల పని. కన్నవాళ్లు చూసుకుంటారు."

"కన్నవాళ్లు మీ బస్తాలు కుడుతున్నారు కదా సార్."

ఆయన వెళ్లిపోయాడు. బుడ్డి ఏడవలేదు. బీరువా దగ్గర చతికిలబడి, తెరుచుకున్న నోటితో అద్దానికేసి చూస్తోంది. నేల మీద రుమాలు అత్తరు కంపు కొడుతోంది. బువ్వమ్మకు వాంతి వచ్చినట్టయింది. ఇన్నేళ్లలో ఏ పిల్ల విరేచనాలకూ, ఏ పుండు చీముకూ అలా కాలేదు. చీపురు పుల్లతో రుమాలును ఎత్తి కుళ్లు గుట్టలోకి గిరాటేసింది. కడుగుదామంటే చేతులకు ఏమీ అంటలేదు. అయినా కొంగుకేసి రుద్దుకుంది.

మధ్యాహ్నం జావ తాగి పిల్లలు చాపల మీద పడుకున్నారు. బువ్వమ్మ గోడకు ఆనుకుంది. ఎడమ రెక్క నస పెడుతోంది. కూతురు గుర్తొచ్చింది. ఈ మార్కెట్టులోనే గంపలు మోసే రోజుల్లో, నడక రాని ఆ పిల్లను షెడ్డు స్తంభానికి గుడ్డపీలికతో కట్టేసేది. దాని ముందు పడే ఉల్లి పొట్టే దాని ఆటవస్తువు. ఎవరూ పలకరించని పిల్లకు మాటలెక్కడి నుంచి వస్తాయి? చాలా ఆలస్యంగా వచ్చాయి. బడిలో వెనక బెంచీలో మూగదానిలా కూర్చుని, ఏమీ అర్థంకాక, మానేసింది. మొద్దు అన్నారు. బువ్వమ్మా అలాగే అనుకుంది చాలాకాలం. ఇప్పుడా కూతురు వేరే ఊళ్లో ఇటుకలు మోస్తోంది. దాని చీలమండ చుట్టూ ఆ పీలిక ఒరుసుకున్న నల్లటి మచ్చ ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత ఇదే మార్కెట్టులో ఒక పసివాడి కాలు మీదుగా లారీ వెళ్లింది. ఆడవాళ్లంతా పని మానేసి గేటు దగ్గర కూర్చుంటే, ఒక వకీలమ్మ వాళ్ల తరఫున మాట్లాడితే, అప్పుడిచ్చారు ఈ గది. దయతలచి కాదు.

బువ్వమ్మ లేచింది. తలుపుకు అడ్డం పెట్టే రాయిని రెండు చేతులా ఎత్తి, బీరువా తాళం మీద కొట్టింది. నాలుగో దెబ్బకు గొళ్లెం ఊడింది. పిల్లలు ఉలిక్కిపడి లేచారు.

"రండి. మీవే," అంది రొప్పుతూ.

ముందు నమ్మలేదు. తర్వాత ఒక్కసారిగా మీద పడ్డారు. గిన్నెల్ని నెత్తిన పెట్టుకున్నారు. చక్రాలు గదంతా దొర్లాయి. ఒకడు గుడ్డ పుస్తకాన్ని నమిలి, రుచి బాగాలేక, తెరిచి చూసి, అందులో ఏనుగు కనబడితే కెవ్వుమన్నాడు. ఇద్దరు చక్రం కోసం జుట్లు పట్టుకుని, కాసేపటికి దాన్ని ఒకరి వైపు ఒకరు దొర్లించుకోవడంలో పడ్డారు. బుడ్డి కుందేలును తీసుకుని మూలకు పోయింది. దాన్ని చాప మీద పడుకోబెట్టి, తన గౌను అంచు కప్పి, వీపు మీద చరుస్తూ ఊగింది. బువ్వమ్మ ఎలా చరుస్తుందో అచ్చం అలాగే, రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. నోట్లోంచి సన్నటి కూనిరాగం, మాటల్లేకుండా. బువ్వమ్మ కళ్లు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంది.

సాయంత్రం తల్లులు వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు. గది పోతుందన్న మాట చెప్పింది బువ్వమ్మ.

"అడిగితే మనల్నే తీసేస్తారు," అంది ఒకామె.

"అడగడమెందుకు?" అంది బువ్వమ్మ. "పనిచేసే చోట పిల్లలకి గది ఉండాలని చట్టమే ఉందని ఆ రోజు వకీలమ్మ చెప్పలేదా? కూలి ఎంత మనదో ఇదీ అంతే. కూలికి దండం పెడుతున్నామా? రేపు పొద్దున్నే పిల్లల్ని సారు గదిలో దింపి, ఎవరి పనికి వాళ్లు పోండి. కన్నవాళ్లు మార్కెట్టు పని చేస్తుంటే, మార్కెట్టాయన పిల్లల పని చూసుకుంటాడు."

"ముడ్డి ఎవరు కడుగుతారే?" అంది బుడ్డి తల్లి.

"అత్తరు ఉందిగా!"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఆ నవ్వులోనే సూపర్‌వైజరు దిగాడు. ఊడిన గొళ్లెం చూశాడు. "రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు.

"మంచిది సార్," అంది బువ్వమ్మ. పిల్లలు పట్టుకున్న బొమ్మల జోలికి మాత్రం ఆయన పోలేదు. చుట్టూ తల్లులు ఉన్నారు.

మర్నాడు వాళ్లు అన్నంత పనీ చేశారు. పిల్లల్ని వరసగా తెచ్చి సూపర్‌వైజరు గదిలో తివాచీ మీద దింపి, మారుమాట లేకుండా వెళ్లిపోయారు. కాసేపటికి తివాచీ తడిసింది. ఒకడు టేబుల్ కింద పని కానిచ్చాడు. ఇంకొకడు టెలిఫోను తీగ పట్టుకుని వేలాడాడు. ఆయన గంట కొట్టాడు, గుమాస్తాను కేకేశాడు, గుమాస్తా ముక్కు మూసుకుని పారిపోయాడు. ఎండ నడినెత్తికి రాకముందే ఆయన చొక్కా మీద ఎవరిదో చీమిడితో వాకిట్లోకి వచ్చాడు.

"ఆ బువ్వమ్మని పిలవండి! గది ఎక్కడికీ పోదు. కుళాయి బాగు చేయిస్తా. ముందు వీళ్లని తీసుకెళ్లండి!"

"నలుగురిలో అన్నారు, గుర్తుంచుకోండి సార్," అంది బుడ్డి తల్లి. బస్తాలు కుట్టే సూదిని జడలో గుచ్చుకుని పరుగు లాంటి నడకతో బయలుదేరింది.

బువ్వమ్మ ఉండేది మార్కెట్టు వెనక సందులో, ఒంటి గది. తలుపు దగ్గరగా వేసి ఉంది. "బువ్వమ్మా! లే, నిన్ను రమ్మంటున్నాడు! తివాచీ చూస్తే నవ్వలేక చస్తావు!" అంటూనే తోసుకుని లోపలికి వెళ్లింది.

బువ్వమ్మ గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. తల కొంచెం పక్కకు వాలింది. రాత్రే పోయినట్టుంది. చెయ్యి చల్లబడి, వేళ్లు బిగుసుకుపోయాయి. మొదటిసారిగా ఆ వేళ్లు పొడిగా ఉన్నాయి. బుడ్డి తల్లి పక్కనే నేల మీద కూర్చుంది.

బువ్వమ్మ ఒడిలో ఎవరో పిల్లవాడి నిక్కరు ఉంది. జారిపోతోందని నాడా ఎక్కిస్తోంది కాబోలు. నడుం పట్టీలో సగం దూరం పోయి ఆగిన పిన్నీసు, గుడ్డ కింద చిన్న బొడిపెలా కనిపిస్తోంది.