మసాలా వేయని గ్లాసు

ఆ బీరు తయారీశాలలో అందరూ ఆయన్ను ముక్కు మామ అనేవాళ్లు. పీపా మూత తీస్తే చాలు, అందులో ఏం పడిందో, ఏం చెడిందో పదడుగుల దూరం నుంచే చెప్పేస్తాడని పేరు. రెండు నెలల కిందట వచ్చిన జ్వరం ఆ ముక్కును కాస్తా ఎత్తుకుపోయింది. కాఫీ పొంగినా, ఇస్త్రీ కింద చొక్కా మాడినా ఒకటే. ఇల్లాలికి కూడా చెప్పలేదు. చింత చచ్చినా పులుపు చావదంటారు. ఈయనకు ముక్కు చచ్చినా మాట చావలేదు.

ఆ ఉదయం మేనకోడలు తను మొదటిసారి కాచిన మసాలా బీరు తెచ్చింది. ఆయన సరేనంటే సీసాలకెక్కుతుంది, కాదంటే కాలవ పాలవుతుంది. ముందొక గ్లాసు పెట్టి, పక్కన కాగితం పెట్టింది: దాల్చినచెక్క, యాలకులు, కమలా తొక్క. మామ గ్లాసు తిప్పాడు, నురగ చూశాడు, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్లు తెరిచి, కాగితం మీద ఓ చూపు పారేసి, ఒక గుక్క తాగాడు.

"యాలకులు కాస్త ముందుకొచ్చాయమ్మా. చెక్క మాత్రం బాగా కుదిరింది."

రెండో గ్లాసు ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది. అది చూడగానే ఆయన నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. మసాలా వేయని బీరు ముందు తాగి, ఆ తర్వాతే వేసింది తాగాలని ఆమెకు నేర్పింది తనే.

అవతల, అక్కడ ఎప్పట్నుంచో బీరు కాస్తున్న పెద్దాయన పీపాలు కడుగుతున్నాడు. ఆయనకు వినపడేలా మేనకోడలు, "గ్లాసులు మార్చి పెట్టినట్టున్నాను మామయ్యా, తప్పు నాదే," అంది.

నాలుగు తిట్టినా బాగుండేది.

"నీది కాదమ్మా. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ నాకు వాసన తెలియడం లేదు," అన్నాడు మామ గొంతు తగ్గించి.

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కేసుకుంది. "మరి పోయిన నెల పెద్దాయన పీపా?"

బూజు వాసనని చెప్పి పారబోయించాడు దాన్ని. ఏదో ఒక వంక పెట్టకపోతే పరువు పోతుందని అన్న మాట అది. ముప్పయ్యేళ్లలో పెద్దాయన బీరు కాలవలో కలవడం అదే మొదటిసారి. అప్పట్నుంచీ రోజుకు రెండుసార్లు పీపాలు తోముతున్నాడు.

మామ లేచి వెళ్లాడు. నోరు తెరిచేలోపే పెద్దాయన తడి పీపాను ఆయన వైపు వంచాడు.

"ఒక్కసారి చూడు బాబూ. ఇప్పుడైనా పోయిందా?"

మామ పీపాలోకి తల వంచాడు.

"మీ పీపాకు బూజెప్పుడూ పట్టలేదు పెద్దాయనా. చచ్చింది నా ముక్కు. మా అమ్మాయి బీరు మీరే చూసి చెప్పండి."

ఆ మాటలు పీపాలో తిరిగి తిరిగి ఆయనకే వినపడ్డాయి. తల పైకెత్తడానికి చాలాసేపే పట్టింది.