బొట్టు పెట్టని పత్రిక

పొద్దున్నే విమలాదేవి ఫోనుకు ఒక పెళ్లిపత్రిక వచ్చింది. పంపింది మేనమామ కొడుకు కదా అని నొక్కింది. తెరుచుకోలేదు, ఇన్‌స్టాల్ చేయమంది. చేసింది. అడిగినదానికల్లా సరే అంది. పెళ్లికొడుకు మాత్రం కనపడలేదు.

అన్నం ఉడికేలోగా ఆ పత్రిక ఆమె పేరు మీద మొఘల్‌పురా గల్లీలో తెలిసిన ఆడవాళ్లందరికీ వెళ్లిపోయింది.

సందు చివర ఫోన్లు బాగుచేసే ఎల్లేష్, ఆమె తెచ్చిన ఫోను చూస్తూనే సిమ్ తీసేశాడు.

“పత్రిక గాదు వదినా, వైరస్. నీ మెసేజ్‌లు, బ్యాంకు ఓటీపీలు అన్నీ ఎవడో దొంగకు పోతయ్. ముందుగాల నా ఫోన్‌తోని బ్యాంకోళ్లకు చెప్పు.”

“మరి మా గల్లీవోళ్లకు గూడ పోయింది గదా?”

“నీ పేరు చూసి తెరుస్తరు. జల్దీ పో.”

బ్యాంకుకు చెప్పి, విమలాదేవి పరుగులాంటి నడకతో ఎదురింటి రుక్కుబాయి దగ్గరికి వచ్చింది. రుక్కుబాయి ఫోను పక్కన పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

“రుక్కుబాయీ, నేను పంపిన పత్రిక...”

“వచ్చింది. ఎదురుబొదురు ఉంటం. నీ బిడ్డ నవనీత పెండ్లికి నాకు ఫోన్ల పత్రికనా? బొట్టు పెట్టి పిలువనీకి కాళ్లు నొచ్చినయా?”

“తెరిచినవా?”

“ఎందుకు తెరుస్త? బొట్టు పెట్టని పెండ్లికి నేను రాను. పిలగాడెవడైతే నాకేంది!”

విమలాదేవి గడప మీదే కూలబడి నవ్వింది.

“మళ్ల నవ్వుతున్నవా!”

“నీ అలుక సల్లగుండ! పెండ్లీ లేదు, గిండ్లీ లేదు. అది వైరస్.”

సంగతంతా విన్నాక రుక్కుబాయి పత్రికను ఫోనులోంచి తీసేసింది. మొహం మాత్రం ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు.

“నేనంటే నమ్మిన. తక్కినోళ్లు? పెండ్లి లేదంటే, పిలువకుండ చేస్తున్నవని, గందుకే దాస్తున్నవని అంటరు.”

అంటూనే లోపలికి వెళ్లి కుంకుమ భరిణె పట్టుకొచ్చింది.

“వట్టి మాట ఎవరు వింటరు? బొట్టు పెట్టి చెప్దాం, పా.”

పక్కింటి అనసూయ తలుపు తీసింది. ఆమె చేతిలో ఫోను, ఫోనులో పత్రిక, దాని మీదికి వెళ్తున్న వేలు. భరిణెను చూడగానే వేలు ఆగింది. మొహం వెలిగింది. ఫోను చంకలో పెట్టుకుని నుదురు ముందుకు పెట్టింది.

“పెండ్లెప్పుడు వదినా?”

“పెండ్లి లేదు,” అంది విమలాదేవి, కుంకుమ అద్దుతూ. “గదే పిలిచి చెప్పనీకొచ్చినం. ఆ పత్రిక తెరువకు.”