అడిగిన నోరు

గుమ్మం బయట తుపాకీ నిలబడి ఉండగా, గుమ్మం లోపల మర్యాదగా అడిగిన ప్రశ్నకు వచ్చే జవాబు ఇష్టపడి చెప్పినట్టా, భయపడి చెప్పినట్టా? ఈ సందేహం ఆవిడను ఏళ్లుగా పట్టుకుని ఉంది. దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు కూడా వదలదు. ఆ ఉదయమూ అంతే. వత్తి సరిచేస్తోంది, పెదవులు ప్రార్థన చదువుతున్నాయి, మనసు మాత్రం ఆ ముడి దగ్గరే తచ్చాడుతోంది.

"దేవుడికి దండం పెడుతున్నావా, ఆయన్ని నిలదీస్తున్నావా?" అన్నాడు మంచం మీంచి భర్త. అచ్చాపీసులో సీసపు అక్షరాలు పేర్చి పేర్చి దగ్గు సంపాదించుకున్న మనిషి.

"నిలదీసే ధైర్యమే ఉంటే ఇంకేం. మందు వేసుకున్నారా?"

"మీ ప్రొఫెసరు తెచ్చిచ్చిందేగా, వేసుకున్నా. ఆయన మాటల్లో లేని చేదంతా దీన్లో పెట్టాడు."

ఆవిడ నవ్వుకుంది. చెప్పులు తొడుక్కుని, బుగ్గన ఒక లవంగం పెట్టుకుని వీధి చివరకు నడిచింది. రోజంతా ఇద్దరి మాటలు ఒక్క గొంతే మోయాలి కనుక లవంగం లేనిదే బయల్దేరదు. పొట్టి మనిషి. ఎదుటివాళ్ల పెదవులు చూసి చూసి, ఎవరు నోరు తెరిచినా తల ముందుకు చాపే అలవాటు పడిపోయింది. బజారులో అందరూ దుభాషమ్మ అంటారు. తల్లిది కొండవైపు, తండ్రిది పట్నం. తల్లి భాషలో లాలిపాటలు విన్నది, తండ్రి భాషలో చదువుకుంది. ఆ రెండు భాషల మధ్య ఇప్పుడు యుద్ధం జరుగుతోంది. ఆవిడకు జీతం ముట్టేది ఆ యుద్ధం పుణ్యమా అనే.

జీపులో ముందు సీట్లో ప్రొఫెసరు అప్పటికే కూర్చుని ఉన్నాడు. మనుషులు ఎలా బతుకుతారో, ఎవరికి ఎవరు ఏమవుతారో, ఏ వేళకు ఏం చేస్తారో అడిగి తెలుసుకోవడం ఆయన చదువు. జుట్టు నెరిసింది, గొంతు మెత్తన. కొండల్లో తిరుగుబాటు మొదలైన కొత్తలో సైన్యం ఆయన్ని సలహాదారుగా పిలిపించుకుంది. అప్పటినుంచీ ఆయన వెంట ఒక జవాను కూడా వస్తున్నాడు. ఇళ్లలోకి రాడు. గుమ్మం బయట గోడకు ఆనుకుని నిలబడతాడు.

"అయ్యగారి దగ్గు ఎలా ఉందమ్మా?"

"తగ్గుముఖమేనండీ. మందు చేదంటున్నారు."

"చేదుగా ఉందంటే పనిచేస్తున్నట్టే," అన్నాడాయన తృప్తిగా.

ఆయన చెడ్డవాడని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా. చెడ్డవాడైతే ఏనాడో పని మానేసేది.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. ఏ ఇంట్లో కూర్చున్నా ముందు హామీ చెప్పాలి. ఆ హామీ రాసింది ప్రొఫెసరు. తమ చదువుకు అదే మొదటి ధర్మమని మొదటి రోజునే ఆవిడకు నేర్పాడు. "మేము మీ బతుకు తెలుసుకోవడానికి వచ్చాం. మీరు చెప్పింది మీకు హాని చేయడానికి వాడం. ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు." ఎన్ని ఇళ్లలో చెప్పిందో, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెబుతుంది. ఆ తర్వాత ఇంటివాళ్లతో వరస కలపాలి. తల్లి పుట్టిన ఊరు చెబితే చాలు, అటునుంచో ఇటునుంచో ఏదో చుట్టరికం తగులుతుంది. అత్తా అనో, బాబాయ్ అనో పిలవగానే చాప పరుస్తారు. ఆ పిలుపు విలువ ప్రొఫెసరుకు బాగా తెలుసు. "నీ ఒక్క పిలుపు నా పది ప్రశ్నల పెట్టు," అంటుంటాడు. మెచ్చుకున్నందుకు సంతోషించాలో, సిగ్గుపడాలో ఆవిడకు తెలిసేది కాదు.

ఒకసారి కుండలు చేసే తాత ఇంట్లో, ఎండాకాలం మగపిల్లలు ఎక్కడ పడుకుంటారని అడిగించాడు. ఏటి ఒడ్డున ఇసుకలో అని తాత చెప్పాడు. ఇందులో దాచాల్సింది ఏముంది? ఆ వేసవి దాటకముందే అటుగా వెళ్తుంటే తాత ఇంటి తలుపు ఒక బందు మీద వేలాడుతోంది. ఇంట్లో మనుషుల్లేరు, పొయ్యి బూడిదను కోళ్లు కెలుకుతున్నాయి. "మనం అడిగినందుకేనా బాబూ?" అంది ఆవిడ ఉండబట్టలేక. "ప్రతిదానికీ మనమే కారణమనుకోవడం కూడా ఒక రకం గర్వమేనమ్మా," అన్నాడాయన. గర్వం పాపమని నమ్మే మనిషి కనుక నోరు మూసుకుంది. సందేహం మాత్రం నోరు మూసుకోలేదు.

ఆ రోజు వెళ్లింది దర్జీ అక్క ఇంటికి. కొండ మొదట్లో చివరి ఇల్లు. ఒకటే గది, వెనక వంటకొట్టు. కిటికీ పక్కన కుట్టుమిషను, కింద రంగురంగుల పేలికలు. దర్జీ అక్క బక్కపలచన, మాట మాత్రం కత్తెర. కొడుకు కొండెక్కి తిరుగుబాటుదార్లలో కలిసి చాలాకాలమైంది. అప్పుడప్పుడు చీకట్లో వచ్చిపోతాడని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆ ఇంట్లోనే కోడలు కొత్తగా ప్రసవించింది. మూల మంచం మీద గుడ్డల మధ్య పసికందు ఎర్రగా, ముడతలు పడి, ఎవరిమీదో కోపంగా ఉన్నట్టు నిద్రపోతోంది.

"వచ్చావే చెల్లీ. మీ జవాను కాలర్ చూడు, పిల్లి కొరికినట్టుంది. రమ్మను, కుట్టిస్తా," అంది దర్జీ అక్క.

"ఆయన డ్యూటీలో ఉన్నాడక్కా."

"గోడకు ఆనుకోవడానికి కూడా జీతం ఇస్తారన్నమాట. మంచి ఉద్యోగమే."

ఆవిడ చాప మీద కూర్చుని హామీ చెప్పింది. దర్జీ అక్క దారం కొరుకుతూ, వినీ విననట్టు తలాడించింది. "ప్రతిసారీ చెప్పాలా ఆ మంత్రం? నువ్వు చెప్పేదాంట్లో నాకు అనుమానమా ఏమిటి?"

ప్రొఫెసరు బిడ్డను చూసి నిజంగానే మురిసిపోయాడు. వేలు చాపితే బిడ్డ నిద్రలోనే పట్టుకుంది. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. తర్వాత మెల్లగా అడిగాడు. పిల్లకు పేరు పెట్టారా? ఇంకా లేదు. పేరు ఎవరు పెడతారు?

"ఇంకెవరు? తండ్రే పెట్టాలి," అంది దర్జీ అక్క. "బిడ్డను ఎత్తుకుని చెవిలో చెప్పాలి. తండ్రి నోట రాని పేరుకు బిడ్డ పలకదు, మాకు అంతే."

"ఎప్పుడు పెడతారట?" అన్నాడు ప్రొఫెసరు.

ఆవిడ ఆ మాటను తల్లి భాషలోకి మార్చి అడిగేసింది. నోరు తన పని తాను చేసుకుపోయింది.

"వచ్చే శుక్రవారం," అంది దర్జీ అక్క. ముఖమంతా వెలిగిపోయింది. మంచం మీద కోడలు ఒక్కసారి తల తిప్పి అత్తవైపు చూసింది. దర్జీ అక్క అది గమనించలేదు. దుభాషి గమనించింది. అప్పటికే ఆవిడ నోటినుంచి జవాబు అందుకున్న ప్రొఫెసరు, బుగ్గలో ఏదో నములుతున్నట్టు ఆ వారం పేరును తనలో తాను అనుకుంటున్నాడు.

తిరిగొచ్చాక ఆఫీసులో ఆవిడకు పెద్దగా పని ఉండదు. మూల కుర్చీలో కూర్చుని, ఏదైనా మాట సరిగ్గా అందకపోతే ప్రొఫెసరు అడిగినప్పుడు చెప్పాలి. గోడమీద కొండప్రాంతం పటం. కెప్టెన్ వచ్చాడు. కుర్రవాడు, గడ్డం నున్నగా గీసుకున్నాడు, టోపీ చేతిలో పట్టుకుని ప్రొఫెసరును సార్ అని పిలుస్తాడు.

"వాడు శుక్రవారం వస్తాడు," అన్నాడు ప్రొఫెసరు. "ఖాయంగా వస్తాడు. బిడ్డకు పేరు పెట్టాల్సింది తండ్రే. ఆ పని మరొకరికి వదిలే ప్రసక్తే ఉండదు."

"ఏ ఇల్లు సార్?"

ప్రొఫెసరు లేచి పటం మీద వేలు పెట్టాడు. పొద్దున బిడ్డ పట్టుకున్న వేలు అదే.

ఇద్దరూ పట్నం భాషలో, ఆవిడ ముందే మాట్లాడుకున్నారు. గదిలో బీరువా ఉంది, కుర్చీ ఉంది, ఆవిడ ఉంది. కెప్టెన్ సెల్యూట్ చేసి వెళ్లిపోయాడు.

ఆవిడ లేచి నిలబడింది. "బాబూ, హాని చేయడానికి వాడమని చెప్పాం కదా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. విసుక్కోలేదు. "హాని తగ్గించడానికేనమ్మా ఇదంతా. నేను లేకపోతే వీళ్లేం చేస్తారు? ఊరంతా గాలిస్తారు, ఇళ్లు తగలబెడతారు. ఒక్క ఇల్లు, ఒక్క మనిషి అని నేను చెబితే మిగతా ఊరు బతుకుతుంది. బతికి ఉండగానే పట్టుకుంటామని మాటిచ్చారు."

"ఎవరిచ్చారు?"

"వాళ్లే."

"మనం ఇచ్చినట్టేనా?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"పోనీ, ఇందుకు అడుగుతున్నామని అక్కకు చెప్పి అడగొచ్చుగా బాబూ."

"చెబితే ఎవరు చెబుతారమ్మా?" అన్నాడాయన, చిన్నపిల్లకు నచ్చజెబుతున్నట్టు.

ఆ మాట అన్నాక ఆయన కాగితాల్లోకి తలవంచుకున్నాడు. తానేం అన్నాడో ఆయనకు వినపడలేదు. ఆవిడకు వినపడింది. ఇన్నేళ్లుగా తాను దేవుణ్ణి అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఈయన దగ్గర, ఇంత తేలిగ్గా, నాలిక చివరే ఉందా? మనిషిని పశువులా వేటాడటం ఒక పాపం. ఆ మనిషి తల్లి చేతే, నవ్విస్తూ, వరస కలిపి, వేట దారి చెప్పించడాన్ని ఏమనాలి? దానికి సలహా అని పేరట. దానికి చదువట. పైగా మొదటి ధర్మమట! హామీ రాసింది ఆయన. కానీ కొండమీద ఏ ఒక్కరూ ఆయన గొంతు విని ఎరగరు. విన్నదంతా ఆవిడ గొంతే. కుండల తాత నమ్మింది ఆవిడనే. వచ్చే శుక్రవారం దర్జీ అక్క శపిస్తే, ఆ శాపం ఏ నోటికి తగలాలి?

"తలనొప్పిగా ఉందండీ, వెళ్తాను," అంది.

"వెళ్లి విశ్రాంతి తీసుకోమ్మా," అన్నాడాయన దయగా.

ఇంటికి పోలేదు. కొండవైపు పోయే బస్సెక్కింది. కిటికీ చువ్వ పట్టుకుని దారంతా ప్రార్థన చేసుకుందామనుకుంది. ఒక్క వాక్యం కుదరలేదు. ఉద్యోగం పోతుంది, మందు ఆగిపోతుంది, జైల్లో వేసినా వేస్తారు. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పలకరించి పోయాయి. వాటిలో ఏదీ అబద్ధం కాదు. బస్సు దిగమని కూడా ఏదీ అనలేదు.

బస్సు దిగి నడుస్తుంటే సైన్యం గేటు దగ్గర సిపాయి ఆపాడు. "ఆఫీసు పనా అమ్మా? జీపేది?"

"ఆఫీసు పని కాదు నాయనా. మా అక్క ఇంటికి."

అతను గేటు ఎత్తాడు.

ఎండ వాలింది. దర్జీ అక్క వంటకొట్టులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆవిడ వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూసింది. "ఒక్కదానివేనా? దారి తప్పావా?"

"అక్కా, ఈ పూట హామీ లేదు. నేను చెప్పేది నా మాటే. శుక్రవారం వాడు రాకూడదు. మీరూ ఇక్కడ ఉండకూడదు."

దర్జీ అక్క ముఖంలో నవ్వు అక్కడే ఆగిపోయింది. మంచం మీది కోడలు లేచి కూర్చుని బిడ్డను గుండెలకు అదుముకుంది.

"పొద్దున అడిగింది ఇందుకా?"

"ఇందుకే."

"నీకు తెలిసే అడిగావా?"

"తెలిసి అడగలేదక్కా. తెలుసుకోవాలనుకోకుండా అడిగాను."

దర్జీ అక్క ఒక అడుగు ముందుకు వేసింది. "ఆయన భాష నాకు తెలీదే. కుక్క మొరిగిందో, మనిషి మాట్లాడాడో కూడా తెలీదు నాకు. నా చెవిలో పడింది నీ మాటే. చెల్లెలివి కదా అని చెప్పాను."

ఆవిడ తల దించుకోలేదు. ఆ కోపం తనకు రావాల్సిందే. నిలబడి తీసుకుంది.

కోడలు బిడ్డ గుడ్డలు మూటకట్టింది. దర్జీ అక్క కత్తెర, సూదులు, దారపు ఉండలు ఒక సంచిలో వేసింది. మిషను వైపు ఒకసారి చూసి, మళ్లీ చూడలేదు. కొండ వెనక తన వాళ్లున్నారంది. కొడుక్కి కబురు అందే దారి ఉందంది. ఆ దారేమిటో చెప్పలేదు. ఆవిడా అడగలేదు. ఆ ఇంట్లో ఆవిడ అడగకుండా వదిలేసిన మొదటి ప్రశ్న అది.

సంచి భుజానికి తగిలించుకున్న దర్జీ అక్క వంటకొట్టు గుమ్మంలో ఆగింది. "అన్నం వండేశాను. పారబోసి పోలేను. కూర్చోండి, తిని పోదాం."

ఆవిడ తటపటాయించింది. వెళ్లిన ఇళ్లలో మంచినీళ్లు తప్ప ముట్టకూడదని ఆఫీసు నియమం. వచ్చిన ప్రతిసారీ దర్జీ అక్క పిలవడం, ప్రతిసారీ ఈవిడ ఏదో వంక చెప్పడం, అలా గడిచిపోయింది.

"ఎన్నేళ్లబట్టి పిలుస్తున్నానే? అక్కా అక్కా అంటావు, ఒక్క ముద్ద ముట్టవు. ఈ ఇంటికి నువ్వో పూట భోజనం బాకీ. ఎగ్గొట్టి పోతావా ఏం?"

ముగ్గురూ పొయ్యి పక్కన కూర్చుని, గబగబా తిన్నారు. కూరలో ఉప్పు తక్కువైంది. ఎవరూ ఆ మాట అనలేదు. బిడ్డ మధ్యలో లేచి ఏడిస్తే, ఎడమచేత్తో ఎత్తుకుని ఆవిడే ఊకొట్టింది.

"తీరింది పో," అంది దర్జీ అక్క లేస్తూ. ఆ గొంతులో కోపం ఎంతో, ప్రేమ ఎంతో విడదీయడం ఆ దుభాషికి చేతకాలేదు.

వెనక తలుపులోంచి వాళ్లిద్దరూ పొదల మధ్య కాలిబాట పట్టారు. వెనక్కి చూడలేదు. ఆవిడ వాళ్లు కనుమరుగయ్యేదాకా నిలబడింది. తర్వాత లోపలికొచ్చి కంచాలు తోమింది. చుట్టానికి ఆ పని చెప్పరు. ఇంటిమనిషే చేసుకోవాలి. చేతులు తుడుచుకుని, తలుపు దగ్గరగా వేసి, బస్సు కోసం కిందికి దిగిపోయింది.

చల్లారుతున్న పొయ్యి గట్టుమీద బోర్లించిన కంచం అంచునుంచి నీళ్లు ఇంకా ఒక్కో చుక్కే జారుతున్నాయి.