ఘాటు లేని బ్లీచింగ్

ఆ ఆసుపత్రిలో నేలలు తుడిచే ఆయాలు ఆరుగురు ఉండేవారు. మహమ్మారి మొదలైన రెండు నెలలకే ముగ్గురు మంచాన పడ్డారు, ఒకామె పోయింది, ఇంకొకామె ఇంట్లో పసిబిడ్డ ఉందని రావడం మానేసింది. మిగిలింది అందరిలోకీ పాతదైన, అందరూ ‘పెద్దాయా’ అని పిలిచే ఆమె ఒక్కతే. మూడు వార్డులూ ఆమె నెత్తిన పడ్డాయి. పైవాళ్ళు వచ్చి చప్పట్లు కొట్టి వెళ్ళారు గానీ, తోడుగా ఒక్క మనిషిని పంపిన పాపాన పోలేదు.

పెద్దాయా బ్లీచింగ్ మందును ఏనాడూ కొలిచి కలపలేదు. బకెట్టు నీళ్ళలో పోసి, మాస్కు కిందికి లాగి వాసన చూసేది. ముక్కు చురుక్కుమంటే సరిపోయినట్టే. ఇరవై ఏళ్ళలో ఆ ముక్కు ఒక్కసారీ తప్పలేదని నర్సులు అంటుంటే లోలోపల పొంగిపోయేది.

ఆ ఉదయం ముక్కు చురుక్కుమనలేదు. ఇంకో రెండు చెంబులు పోసింది. ఊహూఁ. ఒళ్ళు మండిపోయి, బకెట్టు పట్టుకుని తిన్నగా స్టోరుకు వెళ్ళింది.

స్టోరు కీపరు వయసు మళ్ళినవాడు, పైగా షుగరు. ఆయన కింద పనిచేసే ఇద్దరూ జ్వరంతో సెలవులో ఉన్నారు. తానూ మానేస్తే గ్లౌజులు ఇచ్చే దిక్కుండదని, మాస్కు మీద మాస్కు వేసుకుని అద్దం వెనక కూర్చుంటున్నాడు.

“ఏంటన్నా ఇది? నీళ్ళు కలిపి ఇస్తున్నావా? జనం పిట్టల్లా రాలిపోతుంటే ఈ దొంగబుద్ధేంటి?”

“నేనెందుకు కలుపుతానమ్మా? సీలు నీ ముందే తీశాగా.”

“అయితే బయటికి రా. ఆ మాస్కులు తీసి నువ్వే వాసన చూడు!” తన మాట అందరికీ వినబడాలని ఆమె మాస్కు గడ్డం కిందికి లాగింది.

నలుగురూ చూస్తున్నారు. దొంగ అనిపించుకుని ఎవరు ఊరుకుంటారు? ఆయన బయటికి వచ్చి, మాస్కులు తీసి, ఆమె పక్కనే బకెట్టు మీదికి వంగాడు. వంగినవాడల్లా దగ్గుతూ వెనక్కి తూలాడు.

“ఇంత ఘాటేంటి చెల్లెమ్మా, చంపేస్తావా!”

పక్కనున్న నర్సుకు ముందుగా అర్థమైంది. స్పిరిట్ సీసా తెచ్చి పెద్దాయా ముక్కు కింద పెట్టింది. ఆమెకు ఏ వాసనా తెలియలేదు. గబగబా మాస్కు పైకి లాక్కుంది గానీ, అప్పటికే అరవాల్సినంతా అరిచేసింది.

ఆయన మాత్రం నవ్వాడు. “పోనీలే, నాకు దొంగ అన్న పేరు తప్పిందిగా. ఇంటికెళ్ళి పడుకో. వార్డుల సంగతి మేం చూసుకుంటాం.”

పద్నాలుగు రోజులకు ఆమె మళ్ళీ డ్యూటీకి వచ్చింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వాసన ఇంకా తెలియడం లేదు. దారంతా క్షమాపణ మాటలు కూడబలుక్కుంటూ ముందు స్టోరుకే వెళ్ళింది. అద్దం వెనక కొత్త మనిషి ఉన్నాడు.

“అన్న రాలేదా?”

“ఆయన మొన్న పోయారమ్మా. వారం రోజులు మన రెండో వార్డులోనే ఉన్నారు.” అతను ఒక ప్లాస్టిక్ మగ్గు బయటికి తోశాడు. లోపల ఎర్ర రంగుతో గీత గీసి ఉంది. “నువ్వెళ్ళిన రోజే ఇది గీసి పెట్టారంట. గీత దాకా పోస్తే చాలంట, వాసన చూడక్కర్లేదంట.”

పెద్దాయా రెండో వార్డుకు వెళ్ళింది. ఏ మంచమని ఎవరినీ అడగలేదు. గీత దాకా మందు పోసి, అలవాటుగా బకెట్టు మీదికి వంగి మాస్కు మీద చెయ్యి వేసింది. తియ్యలేదు. నలుగురిలో ఆయన్ని దొంగ అన్న నోటిని ఆ గుడ్డ వెనకే గట్టిగా అదిమి పట్టుకుని ఏడ్చింది.